ప్రాగు నగరమున నొక సాయంకాలము

మేము ప్రాగు నగరము చూచి వచ్చితిమని తెలిసిన నాటినుండి మా వీథిలోని సోదరీమణులు, కూరలు తరుగుచున్నప్పుడును పూలు కట్టుచున్నప్పుడును, అచటి సంగతులు చెప్పుమని మమ్ము విడువకున్నారు. అచట బంగారము వెల యెంత? ఆ చలిలో చీర యెట్లు కట్టితిరి? పాలు తోడుకొనునా? ఇట్టి ప్రశ్నలకు సమాధానము చెప్పుటలోనే ప్రొద్దు గడచిపోవుచున్నది గాని, చెప్పదలచిన మాట నోట రాకున్నది. నోట రానిది కలమున వచ్చునేమో యని యీ వ్యాసము వ్రాయుచున్నాము. అచట మేమున్నది నలువది దినములు. వ్రాయబోవునది మాత్ర మొక్క సాయంకాలమును గూర్చియే.

మా చిన్న ఆడుబిడ్డ తన భర్త యుద్యోగము నిమిత్తము కొన్ని సంవత్సరములుగా చెక్ దేశపు రాజధానియగు ప్రాగులో నివసించుచున్నది. ఆమెకు తొలికాన్పు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అంత సేపు విమానములో కూర్చుండలేననిరి. మావారి బడికి వేసవి సెలవులు. కావున తొమ్మిదేండ్ల మా పిల్లవానిని అత్తగారి యొద్ద నుంచి, కాయమును శొంఠిపొడిని మూటగట్టుకొని మేమిరువురము బయలుదేరితిమి. పురుడు సుఖముగా జరిగినది. బారసాల యయిన మూడవనాడు ఆడుబిడ్డ మమ్ము పిలిచి, “వదినా, నీవు వచ్చినది మొదలు వంటగది విడిచి యెరుగవు. ఈ పూట పాపను మేము చూచుకొందుము. అన్నయ్యతో కలిసి పాతపట్టణము చూచి రా. ఇంతదూరము వచ్చి అది చూడక పోయితివన్నచో అమ్మ నన్ను కోపపడును” అనెను.

అది మే నెల కడపటి వారము. ఆ దేశమున నప్పుడు రాత్రి తొమ్మిది గంటలు కావచ్చినగాని సూర్యుడస్తమింపడు. సాయంకాలమనగా అయిదు గంటలు మొదలుకొని తొమ్మిది వరకును సాగు ప్రొద్దు. దీపము పెట్టు వేళ యేదియో తెలియక మేమును, సంధ్య వార్చు వేళ యేదియో తెలియక మావారును మొదటి వారమంతయు తికమకపడితిమి. గోడమీది గడియారమును నమ్మవలెనా, కిటికీలోని యాకాశమును నమ్మవలెనా యనునది తేలనే లేదు.

నదియొడ్డున ట్రాము దిగితిమి. మావారు బడిపంతులు గదా. చీటిపై ముందుగనే క్రమము వ్రాసికొని వచ్చిరి. ఆరు గంటలకు మూసివేయునది మొదట, తలుపులు లేనివి తరువాత. అనగా మొదట యూదుల పేటలోని పింకాసు ప్రార్థనామందిరము, పిదప పాతపట్టణపు చౌకు, కడపట చార్లెసు వంతెన. మేమయితే వంతెనకే మొదట పోదమంటిమి; పటములలో చూచి ముచ్చటపడినది అదియే. కాని వారి చీటిలో మార్పునకు చోటు లేదు.

ఆ పేట యొకప్పుడు ఇరుకిరుకు సందులతో, ఒకరిపై నొకరు పడినట్లుండు ఇండ్లతో నుండెడిదట. 1893వ సంవత్సరము మొదలుకొని వానిని పడగొట్టి, వెడల్పయిన వీథులును ఎత్తయిన మేడలును నిర్మించిరి. ఆరు ప్రార్థనామందిరములు, ఒక శ్మశానవాటిక, పేటవారి సభాభవనము మాత్రము పాతవి మిగిలినవి. టిక్కెట్టు వెల వినగనే మావారు దానిని రూపాయలలోనికి మార్చి చూచుకొని ఒక్క నిముసము మౌనముగా నుండిరి. చావులు చూచుటకు ఇంత సొమ్ము పోయవలెనా యని మేమును అంటిమి. ఆ మాటకు తరువాత సిగ్గుపడితిమి గాని, అన్న మాట దాచనేల? లోనికి పోవు పురుషులు తల కప్పుకొనవలెను. ద్వారమువద్ద నిచ్చిన కాగితపు టోపీ మావారి తలపై నిలువక జారుచుండెను. మేము పమిట చాటున నవ్వుకొనుచునే గడప దాటితిమి. నవ్వు అంతటితో సరి.

లోపల విగ్రహములు లేవు, పటములు లేవు. గోడలన్నియు అక్షరములే. దూరమునుండి చూచినపుడు సన్నని కలంకారీ వస్త్రమును గోడకు పరచిరా యనిపించెను. దగ్గరకు పోగా అవి పేర్లు. ఎఱ్ఱని యక్షరములలో ఇంటిపేరు. నల్లని యక్షరములలో మనిషి పేరు, పుట్టిన తేదీ, కడపటిసారిగా తెలియవచ్చిన తేదీ. వెంటనే మరియొక పేరు. ఒక యింటిపేరు క్రింద నలుగురైదుగురు. తేదీలు చూచిన తండ్రి యెవరో, తల్లి యెవరో, చంటిబిడ్డ యెవరో తెలిసిపోవును. 1939లో జర్మను నాజీలు ఆ దేశము నాక్రమించుకొనిన పిదప, బొహీమియా మొరేవియా ప్రాంతములనుండి కొనిపోయి చంపిన యూదుల పేర్లవి, సుమారు 78,000. యుద్ధానంతరము 1954 మొదలు 1959 వరకు వాత్స్లావు బోష్తీకు, యిర్జీ యోను అను నిద్దరు చిత్రకారులు వీనిని చేతితో వ్రాసిరి. 1968లో పునాదులలో నీరూరుచున్నదని మందిరమును మూసివేసిరి. మరమ్మతులు ఏండ్లతరబడి సాగినవి. గోడలపై పేర్లు పోయినవి. అప్పటి ప్రభుత్వమునకు వానిని మరల వ్రాయించు తొందర లేకపోయెను. 1989లో ఆ ప్రభుత్వము పోయిన తరువాతనే, 1992 మొదలు 1996 వరకు, ప్రతి పేరును మొదటినుండి మరల వ్రాసిరి. అది యెట్టి పనియో రామకోటి వ్రాసిన వారికి కొంత తెలియును.

చిన్నతనమున మా తాతగారు మాకు భారతము చెప్పునప్పుడు స్త్రీపర్వమును త్వరత్వరగా దాటించెడివారు. ఆడుపిల్లలకు ఆ యేడ్పులెందుకనెడివారు. తరువాత మేమే చదువుకొంటిమి. గాంధారి రణభూమిలో నిలిచి, పడియున్నవారిని ఒక్కరొక్కరినే శ్రీకృష్ణునకు చూపి చెప్పును. తన కొడుకులనే గాక, అభిమన్యుని, కర్ణుని, పరుల బిడ్డలను గూడ. ఇన్ని పేర్లెందుకని మాకప్పుడు విసుగు కలిగి పుటలు త్రిప్పితిమి. ఆ గోడ యెదుట నిలిచినపుడు ఆనాటి విసుగు జ్ఞప్తికి వచ్చెను. ఇచట వ్రేలెత్తి చూపుటకు గాంధారి కూడ లేదు. ఆమె పేరును ఆ గోడమీదనే యున్నది.

మేడమీదికి పోతిమి. అచట పిల్లలు వేసిన బొమ్మలున్నవి. ప్రాగునకు ఉత్తరమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున తెరెజీను అను కోటపట్టణము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున జోసెఫు చక్రవర్తి తన తల్లి మరియా తెరీసా పేర కట్టించినది. తల్లిపేర కట్టిన యా పట్టణమునే 1941 నవంబరు మొదలు నాజీలు యూదులకు బందీఖానాగ చేసిరి. పిల్లలలో అనేకులను తల్లిదండ్రులనుండి విడదీసి వేరు గృహములలో నుంచిరి. వారికి చదువు చెప్పరాదని యాజ్ఞ. బొమ్మలు వేయించుటకు మాత్రము అడ్డు పెట్టలేదు.

అచట బొమ్మలు నేర్పిన యామె పేరు ఫ్రీడెల్ డిక్కర్ బ్రాండైసు. 1898లో వియన్నా నగరమున పుట్టి, జర్మనీలోని బౌహౌసు కళాశాలలో చదువుకొనిన చిత్రకారిణి. 1942 డిసెంబరులో ఆమెను భర్తతో కూడ తెరెజీనునకు తరలించిరి. ఆమెకు సంతానము లేదు. అచటి పరుల బిడ్డలనే చుట్టును కూర్చుండబెట్టుకొని బొమ్మలు వేయుట నేర్పెను. కాగితము కరవు, కచేరీలో వాడి పారవేసిన ఫారముల వెనుకవైపును, పొట్లపు కాగితములును దొరికిన దొరికినట్లు వాడిరి. ఎంత చిన్నబిడ్డయైనను తన బొమ్మపై తన పేరు తాను వ్రాయవలెనని ఆమె కోరెడిది. బందీలకు అంకెలే గాని పేర్లు లేని కాలమది.

1944 సెప్టెంబరులో ఆమె భర్తను తూర్పునకు పోవు రైలెక్కించిరి. ఆమెను పొమ్మని యెవ్వరు ననలేదు. తానే కోరుకొని తరువాత పోవు రైలులో పేరిచ్చెను. పోవుటకు ముందు సుమారు 4,500 బొమ్మలను రెండు ప్రయాణపు పెట్టెలలో సర్ది భద్రపరచెను. ఆ యక్టోబరులోనే ఆష్‌విట్సునందు ఆమెను చంపిరి. భర్త బ్రతికి బయటపడెను. సావిత్రి కథను మన మెన్ని నోములలో వినియుండలేదు! ఇచట మగడు తిరిగి వచ్చెను, సావిత్రి రాలేదు. యుద్ధము ముగిసిన పిదప 1945లో ఆ పెట్టెలు ప్రాగునకు చేరినవి. పిల్లలు తమ పేర్లు వ్రాసికొని యుండుటచేతనే ఏ బొమ్మ యెవరిదో, ఆ బిడ్డ యేమయ్యెనో తెలిసికొనుటకు వీలయినది. అనేకులు ఆమెవలెనే మరలి రాలేదు.

బొమ్మలలో ఏమున్నవని యడుగుదురేమో. పిల్లల బొమ్మలలో నుండునవే. ఇల్లు, చెట్టు, పూలు, సీతాకోకచిలుకలు, బల్లచుట్టును కూర్చున్న ఇంటిల్లిపాది. కొన్నింట మాత్రము ఒకదానిపై నొకటి పేర్చిన పడకలు. ప్రతిదాని క్రిందను పేరు, పుట్టిన సంవత్సరము, చనిపోయిన సంవత్సరము. తీసివేత లెక్క వలదనుకొన్నను మనస్సు చేయుచునే యుండెను. పది. పదునొకండు. ఒకచోట తొమ్మిది.

ఇచట మా యింటి సంగతి యొకటి చెప్పవలెను. మా పిల్లవాడు పలక పట్టిన నాటినుండి బొమ్మలు వేయువాడు. ఎద్దులు, రైలుబండ్లు, కునికిపాట్లు పడుచున్న వాని నాయనమ్మ, వాని కంటికేది దొరికిన నది. లెక్కల పుస్తకపు టంచుల నిండ బొమ్మలే. పంతులుగారి కుమారుడు లెక్కలలో వెనుకబడుట మాకు తలవంపుగా నుండెను. ధనుర్మాసములో వాని పరీక్షపత్రము చూచి కోపము పట్టలేక, వాడు బొమ్మలకై వేరుగా కుట్టుకొనిన పుస్తకమును తీసి దాచితిమి. భోగినాడు తెల్లవారుజామున వీథివారందరును విరిగిన పీటలును చినిగిన చాపలును తెచ్చి మంటలో వేయుచుండగా, మేమా పుస్తకమును తెచ్చి వేసితిమి. అట్టమీద వాడు తన పేరు పెద్ద యక్షరములతో, ఒక్కొక్క యక్షరమునకొక రంగు పెట్టి వ్రాసికొనెను. మొదట అంటుకొన్నది అట్టయే. వాడు అరవలేదు, ఏడ్వలేదు. మెడలో భోగిపిడకల దండతో నిలిచి కాలువరకును చూచెను. పిదప దండను తీసి మంటలో వేసి లోనికి పోయెను. సంక్రాంతి మొదలు వాడు బొమ్మ వేయలేదు. లెక్కలలో మార్కులు పెరిగినవి. మేము సంతోషించితిమి, అదియు చెప్పవలసినదే.

ఆ ఘోరమును మా యింటి తొందరపాటును ఒక్కచోట తలచుటయే అపచారమని మేమెరుగుదుము. కాని మనస్సు మన యనుమతి తీసికొని పోవునది కాదు గదా. మావారు మెట్లవద్ద నిలిచి, “ఆరు కావచ్చినది, మూయుదురట” అని రెండుమారులు పిలిచినగాని కాలు కదలలేదు.

అచటినుండి శ్మశానవాటిక. చోటు చాలక, పాత గోరీలపై మన్ను పోసి కొత్తవి త్రవ్వుచు, కొన్నిచోట్ల పండ్రెండు వరుసలవరకు పాతిపెట్టిరట. సుమారు 12,000 రాళ్లు ఒకదానిపై నొకటి వ్రాలియున్నవి. అన్నిటికంటె పాతది 1439వ సంవత్సరమునాటిది. పూలు పెట్టుట వారి యాచారము కాదు. వచ్చినవారు చిన్న గులకరాయి పెట్టి పోవుదురు. మాకు చూపు నిలువక త్వరగా బయటికి వచ్చితిమి.

పేట దాటుచుండగా సభాభవనముపై రెండు గడియారములు కనబడినవి. పైదానికి మామూలు అంకెలు. క్రిందిదానికి హీబ్రూ అక్షరములు. ఆ లిపి కుడినుండి యెడమకు సాగునది గాన, ముల్లులును వెనుకకే తిరుగును. మావారు చిన్నపిల్లవానివలె సంతోషించి, తరగతిలో చెప్పవలెనని ఫోనులో పటము తీసికొనిరి. మేము ఆ ముల్లువైపు చూచుచు, జనవరి వరకు త్రిప్పిన చాలును గదా యనుకొంటిమి.

పాతపట్టణపు వీథులు నడచి చూడవలసినవే గాని మన చెప్పులకు తగినవి కావు. చిన్నచిన్న చదరపు రాళ్లు పేర్చిన బాట; మడమ యెటు జారునో తెలియదు. తల దించుకొని నడచుటలో నొక లాభము కలిగినది. అచటచట ఇండ్లముందర ఆ రాళ్ల నడుమ అరచేతి వెడల్పు ఇత్తడి రేకు తాపిన రాయి మెరయుచుండును. ఈ యింట ఇన్నవవారు నివసించిరి, ఇన్నవ సంవత్సరమున కొనిపోబడిరి అని దానిపై చెక్కియుండును. కడప ముందర ముగ్గున్న చోట మన మెట్లు పాదము మోపక దాటుదుమో, అట్లే వానిని దాటుచు నడచితిమి.

చౌకులోనికి రాగానే ఆకాశము విశాలమయ్యెను. ఎదుట తీను గుడి జంటగోపురములు నల్లగా నిలిచియున్నవి. గ్రహచారము లెక్కించుటలో పేరుమోసిన టైకో బ్రాహె 1601లో ఈ నగరముననే మరణించి ఆ గుడిలో సమాధి చేయబడెనని మావారు చెప్పిరి. చౌకు నడుమ యాను హూసు విగ్రహము. మతగురువుల యక్రమములను ప్రశ్నించినందుకు 1415లో నతనిని సజీవముగా దహించిరి. సరిగా అయిదు వందల యేండ్లకు, 1915లో, విగ్రహము నెత్తిరి. పురభవనము ప్రక్కన నేలమీద తెల్లని రాళ్లతో ఇరువదియేడు శిలువలు పొదిగియున్నవి. 1621లో చక్రవర్తిపై తిరుగబడిన యిరువదియేడుగురిని అచటనే శిక్షించి చంపిరి. వానిపై పిల్లలు ఒంటికాలితో గెంతుచు ఆడుకొనుచుండిరి, తల్లులు వారించుటలేదు. మాకును అది తప్పుగా తోచలేదు.

ఎనిమిది గంటలు కావచ్చుచుండెను. పురభవనపు గోడనున్న జ్యోతిర్గడియారము క్రింద జనులు గుమిగూడిరి. ఈ గడియారమును గూర్చి కొంచెము విపులముగా చెప్పనిండు. మా మనస్సు అచట కొంత తేరుకొన్నది. ఇది 1410వ సంవత్సరమున నిర్మితమయినది. కదానుకు చెందిన మికులాషు అను గడియారముల పనివాడు దీనిని చేసెను. లెక్కలు కట్టినవాడు యాను షిందెలు అను పండితుడు. ఇది గంటలను మాత్రము చెప్పునది కాదు. సూర్యుడే రాశిలో నున్నాడు, చంద్రుడే రాశిలో నున్నాడు, చంద్రునకు వృద్ధియా క్షయమా, అన్నియు చూపును. మేషాది పండ్రెండు రాశులును బంగారువన్నె చక్రముపై నున్నవి. పంచాంగమును గోడకు తగిలించి, దానికి ప్రాణము పోసినట్లున్నది. సూర్యుని గుర్తు వృషభము దాటి మిథునములో నుండుట చూచి, మన పంచాంగము ప్రకార మింకను వృషభముననే గదా యని మేమడిగితిమి. వారు అయనచలనమును లెక్కింపరు, మనము లెక్కింతుము, అందుచే భేదమని మావారు చెప్పిరి. మా తాతగారు ఉండినచో ఆ గోడక్రింద రాత్రియంతయు వాదించియుండెడివారు.

అన్నిటికంటె వెలుపల నొక వలయమున్నది. అది పూర్వకాలపు చెకుల గంటలను చూపునది. మనము సూర్యోదయమున దినము మొదలుపెట్టుదుము. వారు సూర్యాస్తమయమున మొదలుపెట్టెడివారు. అస్తమించునప్పటికి ఇరువదినాలుగు గంటలు నిండును. అస్తమయవేళ దినదినము మారును గాన ఆ వలయమును దానితోపాటు మెల్లగా కదలుచుండును. ముల్లు అప్పుడు ఇరువదిమూడవ గంట దాపున నుండెను. మావారు రెండుమారులు చూచి, చప్పట్లు చరచినంత పని చేసి, “ఇంక నొక్క గంట! మూడువారములనుండి నేను వెదకుచున్న సంధ్య ఇదిగో” అనిరి. ఆరు వందల యేండ్లక్రిందటి పరదేశపు పనివాడు మావారి యనుష్ఠానమునకు వేళ చెప్పెను.

గంట కొట్టు సమయమయినది. గడియారము ప్రక్కన నొక యస్థిపంజరము నిలిచియుండును. అది త్రాడు లాగి చిన్నగంట మ్రోగించును. రెండవ చేతిలో ఇసుక గడియారము. అద్దము చూచుకొనువాడొకడు, ధనపు సంచి పట్టినవాడొకడు, వాద్యము పట్టిన విలాసపురుషుడొకడు, మువ్వురును తలలూపి రామందురు. పైన రెండు కిటికీలు తెరచుకొని క్రీస్తు శిష్యులు పండ్రెండుగురు వరుసగా కనబడి పోవుదురు. కడపట కోడి కూయును, పెద్దగంట మ్రోగును. ఆశ్చర్యమేదియని యక్షుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నకు సమాధానము అచట గంటకొకసారి ఆడి చూపుచున్నారనవచ్చును. చూచువారిలో ముప్పాతికమంది ఫోనులెత్తి పట్టుకొని యుండుటచే, ముందువారి చేతులే మాకు ఎక్కువగా కనబడినవి.

ఈ గడియారమును గూర్చి యొక కథ కలదు. హనూషను పనివాడు దీనిని చేయగా, మరియొక నగరమునకు ఇట్టిది చేసిపెట్టునేమో యని పురపెద్దలు వాని కన్నులు పొడిపించిరట. తాజమహలు కట్టినవారి చేతులు నరికించిరని మనవారు చెప్పుకొనునట్టిదే. రెండింటికిని ఆధారము లేదు. నిజముగా జరిగిన కీడు వేరు. 1945 మే నెలలో, యుద్ధము ముగియుటకు ముందు, నగరములో జరిగిన పోరాటమున పురభవనము తగులబడి గడియారపు బొమ్మలు కాలిపోయినవి. సుఖార్దా యను శిల్పి శిష్యుల బొమ్మలను మరల చెక్కెను; 1948లో గడియారము తిరిగి నడచెను. కాలినదానిని మరల చేయవచ్చునని యెంత సులభముగా వ్రాయుచున్నాము! వారికి మూడేండ్లు పట్టినది.

వంతెనకు పోవు సందులో అంగళ్లు మెండు. గాజుసామగ్రి, కొయ్యబొమ్మలు, అయస్కాంతపు బిళ్లలు. ఒక చిన్న అంగడిలో కాగితములును కలములును అమ్ముచుండిరి. గాజుపెట్టెలో రంగుపెన్సిళ్ల రేకుడబ్బా. పైన కోహినూరు అను పేరు. మేము నిలిచిపోతిమి. ఆ కంపెనీ కర్మాగారము ఆ దేశపు దక్షిణభాగముననే కలదట. పందొమ్మిదవ శతాబ్దపు చివర తమ మేలిరకపు పెన్సిలునకు వారా వజ్రము పేరు పెట్టుకొనిరి. ఆ వజ్రము మన కృష్ణాతీరమున కొల్లూరు గనులలో దొరికినదని చెప్పుదురు గదా. మన నేలనుండి పోయిన పేరు, ఏ దేశములో, దేనిమీద! ఇరువదినాలుగు రంగుల డబ్బా కొంటిమి. ఎవరికని మావారడుగలేదు, రూపాయలలోనికి మార్చి చూడను లేదు.

పిదప వంతెన. మేము చూడవలెనని వచ్చినది అదియే గాని, అప్పటికి చూడవలసినది చూచివేసినట్లుండెను. మా గోదావరిని చూచిన కన్నులకు వ్లతావా నది చిన్నదే. వంతెన పొడవు సుమారు 516 మీటర్లు, పదునారు కమానులు, రెండు ప్రక్కలను ముప్పది విగ్రహములు. దీనికి ముందొక వంతెన యుండెడిది. యూదిత అను రాణి పేరిటిది. 1342 వరదలో అది కొట్టుకొనిపోగా, నాలుగవ చార్లెసు చక్రవర్తి 1357లో దీనికి పునాది వేసెను. ఆ ముహూర్తము జులై 9వ తేదీ ఉదయము 5 గంటల 31 నిమిషములని చెప్పుదురు. సంవత్సరము, తేదీ, నెల, గంట, నిమిషములు వరుసగా వ్రాసినచో 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1 వచ్చును. ముహూర్తముల పిచ్చి మనకే యనుకొనరాదు. సున్నములో కోడిగ్రుడ్లు కలిపిరనియు, ఒక పల్లెవారు దారిలో పగులునని యుడికించి పంపిరనియు మరియొక కథ. గానుగసున్నములో బెల్లమును కరక్కాయను కలుపుట మన పెద్దలెరుగుదురు గాన, గ్రుడ్లమాట మాకు వింతగా తోచలేదు. ఉడికించి పంపిన పల్లెవారికి మాత్రము నవ్వితిమి. ఆ సాయంకాలమున అది రెండవ నవ్వు.

విగ్రహములలో పాతది 1683 నాటి యాను నెపోముకుది. రాణి తనతో రహస్యముగా చెప్పుకొన్న మాటను రాజు అడిగినను చెప్పనందుకు 1393లో నతనిని ఇచటినుండి నదిలో త్రోయించిరని కథ. అది మఠాధిపతి నియామకమును గూర్చిన తగవని చరిత్రకారులందురు. జనులు కథనే నమ్మి, విగ్రహము క్రింది కంచుఫలకమును తాకి తాకి బంగారమువలె మెరయించిరి. రాణి మనస్సులో నున్నదేమో ఆమెను మాత్ర మెవ్వరు నడిగినట్లు లేదు. మేమును తాకితిమి. ఏమి కోరితిమో వ్రాయము.

వంతెన నడుమనుండి మెట్లు దిగి నీటియొడ్డునకు పోవచ్చును. మావారు సీసాలోని నీరు చేతిలో పోసికొని అర్ఘ్యమిచ్చిరి. అప్పుడే కోట వెనుక సూర్యుడు దిగెను. గడియారము చెప్పినమాట తప్పలేదు. కోటలోని పెద్దగుడి గోపురములు కొంతసేపు ఎఱ్ఱగా నుండి నల్లబడినవి, దీపములొక్కటొక్కటిగ వెలిగినవి. మేము గట్టుపై కూర్చుండి డబ్బాను ఒడిలో నుంచుకొంటిమి. పాప పుట్టినది మొదలు మేమిరువురము మాటాడుకొనుటకు తీరిక చిక్కిన దదియే మొదలు.

మావారు చాలసేపు నీటివైపు చూచి, “ఆనాడు నేనును మంటదగ్గరనే యుంటిని గదా” అనిరి. మేము భోగిమాట వారితో ఎత్తనే లేదు. “నీవు పుస్తకము తెచ్చునప్పుడు చూచితిని. వద్దనలేదు. లెక్కలు బాగుపడునేమో యనుకొంటిని. అది అంటుకొనగనే వాడు నావైపు చూచినాడు. నేను మంటవైపు చూచితిని.” తరువాత వారేమియు ననలేదు. ఇంతకాలము ఆ పని మేమొక్కరమే చేసితిమనుకొని యుంటిమి. ట్రామునకు వేళ మించినదని తెలిసియు నింకను కొంతసేపు కూర్చుంటిమి.

ఇంటికి వచ్చిన నాడే డబ్బాను పిల్లవాని చేతికిచ్చితిమి. ఎందుకమ్మా యని యడిగెను. బొమ్మలు వేసికొనుటకంటిమి. వాడు మా ముఖమును, వాని తండ్రి ముఖమును మార్చి మార్చి చూచెను. మావారు పాత ప్రశ్నపత్రములలో వెనుకవైపు తెల్లగా నున్నవాని నేరి, సూదీదారముతో కుట్టి, పుస్తకము చేసి ప్రక్కన నుంచిరి. భోగిమంట మాట వానితో మాటాడవలెనని ప్రతిదినమును అనుకొందుము. వాడు అన్నము తినుచున్నప్పుడు నోటివరకు వచ్చి పోవును.

ఇది వ్రాయునాటికి పదునొకండు దినములయినది. సాయంకాలము బడినుండి వచ్చి వాడు డబ్బా మూత తీయును. ఇరువదినాలుగు కొనలను వ్రేలితో తాకి లెక్కించును. మరల మూయును. పుస్తకము తెల్లగానే యున్నది.